పెద్దమ్మ తాగిన చారు

ఈసారి రాసే వంతు మాది. ముందే ఒక మాట చెప్పాలి. మేము ఇద్దరం ముళబాగిలు వైపు కన్నడ మీడియంలో చదివినవాళ్ళం. తెలుగు అక్షరాలు బడిలో కాదు, ఇంట్లో గోడకు తగిలించిన క్యాలెండరు చూసి నేర్చుకున్నాం. కన్నడ లిపి వచ్చినవాళ్ళకు తలకట్టు ఒక్కటి అలవాటైతే సగం పని అయిపోతుంది. మిగిలిన సగం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాం, ఒత్తులు తప్పితే పెద్దలు సర్దుకుని చదువుకోండి.

ఇది రాయడానికి పెద్దమ్మనూ, యోకొహామాలో ఉన్న అన్నయ్యనూ అడిగాం. అన్నయ్య మూడు రోజులు ఆలోచించి సరే అన్నాడు. పెద్దమ్మ అప్పటికప్పుడే సరే అనింది, ఒక షరతు పెట్టి: "మీరు చెప్పిన అబద్ధం గూడా రాయాల."

పెద్దమ్మ ఉండేది సౌకార్‌పేటలో, మింట్ వీధిని ఆనుకుని ఉన్న ఒక సందులో. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ షావుకారుపేట అనే అంటారు. (1950లో వచ్చిన 'షావుకారు' సినిమా పేరే జానకి గారికి ఇంటిపేరయిపోయింది గదా, పెద్దమ్మకు ఆమె మా పేట మనిషే అని గట్టి నమ్మకం. కాదు అని చెప్పే ధైర్యం మాకు లేదు.) 1840లలో కుంపెనీ వాళ్ళ టంకశాల ఆ వీధికి వచ్చింది కాబట్టి మింట్ వీధి, తమిళంలో తంగసాలై. ఇప్పుడు అక్కడ నడిస్తే చెవిన పడేది మార్వాడీ, గుజరాతీ, తమిళం. తెలుగు వినాలంటే ఇంకాస్త లోపలి సందుల్లోకి పోవాలి, లేదా కన్యకా పరమేశ్వరి దేవస్థానం వైపు పోవాలి.

పెదనాన్న వాళ్ళది కొత్వాల్ చావడి పక్కన చింతపండు, ఎండుమిర్చి వ్యాపారం. 1996లో కూరగాయల మార్కెట్టు కోయంబేడుకు తరలిపోయినా ఆయన మాత్రం కదలలేదు. మూడేళ్ళ కిందట పోయారు. అప్పట్నుంచి పెద్దమ్మ గుడికి, ఆస్పత్రికి తప్ప గడప దాటలేదు. కింద భాగం గాజుల హోల్‌సేల్ వాళ్ళకు అద్దె, పైన ఆమె ఒక్కతే. మేము ఓఎంఆర్ నుంచి ఆదివారాలు పోయి వస్తుంటాం.

అన్నయ్య జపాన్ పోయి పదకొండేళ్ళు. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు, మనకు సాయంత్రం అంటే వాడికి రాత్రి పొద్దుపోయాక. "యాడున్నావురా" అంటే చాలాసార్లు ఒకే జవాబు, "ఆఫీసు వాళ్ళతో ఇజకాయాలో ఉన్నామ్మా." మొదటిసారి విన్నప్పుడు పెద్దమ్మ అడిగింది, "అదేం కాయరా? సొరకాయ మాదిరా?" ఆ తర్వాత అది హోటలు పేరని తెలిసినా మా ఇంట్లో దాన్ని కాయ అనే పిలుస్తాం.

జపాన్ భాషలో సకయా అంటే సాకె అమ్మే అంగడి. సాకె అంటే బియ్యం నుంచి తీసే వాళ్ళ మద్యం. వెనకటి రోజుల్లో జనం కుండో సీసానో తెచ్చుకుని కొనుక్కుపోయేవాళ్ళు. కొన్ని అంగళ్ళు అక్కడే కూర్చుని తాగడానికి ఒప్పుకున్నాయి, తోడుగా తినడానికి చిన్న చిన్న వంటకాలు పెట్టాయి. 'ఉండి తాగే అంగడి' కాబట్టి ఇజకాయా. 1596లో ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, మొదలైన తొషిమాయా అనే సాకె అంగడి మిసో పూసి కాల్చిన తోఫు పెట్టి పేరు తెచ్చుకుందట. మన చెన్నపట్నం పుట్టడానికి ఇంకా నలభై మూడేళ్ళుంది అప్పటికి.

పోయిన నవంబరులో పెద్దమ్మే అడిగింది. "మా వోడు రోజూ పోయే కాయ ఎట్లుంటుందో ఒక్కసారి చూపించండి." మూడేళ్ళ తర్వాత ఆమె నోటి నుంచి 'బయటికి పోదాం' అన్న మాట రావడం అదే మొదలు. ఒప్పుకోకుండా ఎట్లా ఉంటాం? మద్యం సంగతి మాత్రం చెప్పలేదు. "చిన్న చిన్న ప్లేట్లలో టిఫిన్లు పెట్టే చోటు పెద్దమ్మా" అన్నాం. అది మొదటి సగం నిజం.

చెన్నైలో జపాన్ భోజనం దొరకడం ఇప్పుడు వింత కాదు. 2010లో ఒరగడంలో నిస్సాన్ వాళ్ళ కార్ల ఫ్యాక్టరీ మొదలైంది, దాని చుట్టూ ఇంకా ఎన్నో జపాన్ కంపెనీలు వచ్చాయి, వాటితో మనుషులు, మనుషులతో వాళ్ళ చారు, వాళ్ళ నూడుల్స్. మేము పోయింది గిండీ దాటాక ఒక పెద్ద హోటల్లోని కొత్త ఇజకాయా. పేరు రాయం, కారణం చివరికి మీకే తెలుస్తుంది. వాకిట్లో ముదురు నీలం గుడ్డతెర, నొరెన్ అంటారు, తల వంచి లోపలికి పోవాలి. "గర్భగుడికి పోయినట్టు వంగాలా" అనింది పెద్దమ్మ. లోపల అడుగు పెట్టగానే వంటవాళ్ళతో సహా అందరూ ఒక్క గొంతుతో "ఇరాషైమాసే" అని అరిచారు. రండి రండి అని దానర్థం. పెద్దమ్మ ఉలిక్కిపడి చెప్పులు విడవబోయింది, చెప్పులతో వచ్చినందుకు తిడుతున్నారనుకుని.

నల్ల చెక్క, మసక వెలుతురు, ఎర్ర కాగితపు లాంతర్లు. కౌంటరు ముందు ఎత్తు స్టూళ్ళు, వాటిమీద ఆమె ఎక్కలేదు కాబట్టి మూలన బల్ల అడిగాం. వేడి తడిగుడ్డ చుట్టలు తెచ్చి ఇచ్చారు. చేతులు తుడుచుకోవడానికవి. పెద్దమ్మ కళ్ళ మీద ఒత్తుకుంది, మెడ తుడుచుకుంది, "ఎంత హాయిగా ఉందే" అనింది. పక్క బల్లమీద ఇద్దరు జపాన్ వాళ్ళు టై వదులు చేసుకుని గట్టిగా నవ్వుకుంటున్నారు. ఆమె వాళ్ళనే చూస్తూ కూర్చుంది. "మా వోడు గూడా ఇట్లే నవ్వుతాడా" అని ఒకసారి అడిగింది.

ఆర్డరు చెప్పేటప్పుడు మేము చెప్పింది ఇంతే: "ఆమె పూర్తి వెజిటేరియన్. మాంసం, చేప, గుడ్డు ఏదీ ఉండకూడదు." వడ్డించే పిల్లాడు తల ఊపాడు, రాసుకున్నాడు, పెద్దమ్మ వైపు చూసి నమస్కారం కూడా పెట్టాడు. మాలో ఒకరు రోజంతా చేసే పనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరో రాసిన ప్రోగ్రాములో ఎక్కడ ఏం తప్పు దాక్కుని ఉందో వెతకడమే కూడు పెడుతోంది. 'పూర్తి వెజ్' అని చెప్పాం, 'సరే' అన్నారు, టెస్ట్ పాస్. ఆఫీసులో ఎవరైనా కొత్తవాళ్ళు ఇట్లా టెస్ట్ చేస్తే రిపోర్టు వెనక్కి పంపేవాళ్ళం.

మొదట ఉప్పు వేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు వచ్చాయి. ఎదమామే అంటారు. పెద్దమ్మ ఒకటి తీసుకుని పళ్ళతో లాగి గింజలు నోట్లోకి జార్చుకుంది, ఎవరూ నేర్పకుండానే. "ఇవి అనపకాయలు గదే!" మా కోలారు సీమలో పుష్యమాసపు సాయంత్రాలు అనపకాయలు ఉడకబెట్టి బుట్టలో పోసి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని తినేవాళ్ళం, అచ్చం అదే. పుట్టింటి కబుర్లు మొదలయ్యాయి. మిసో పూసి కాల్చిన వంకాయ వచ్చింది. సగం తిని, "మన గుత్తివంకాయ ముందర నిలబడదు, కానీ పనికిరానిదేం కాదు" అని సర్టిఫికెట్టు ఇచ్చింది.

ఆ తర్వాత అగెదాషి తోఫు. పిండిలో దొర్లించి వేయించిన తోఫు ముక్కలు, గిన్నెలో వేడి చారు. పెద్దమ్మ చెంచాతో ఒక గుక్క తాగి ఆగింది. ఇంకో గుక్క. "ఏమే ఇది... కట్టెల పొయ్యి మింద కాచిన చారు మాదిరి పొగ వాసన వస్తా ఉంది." చెంచా పక్కన పెట్టి గిన్నె రెండు చేతులా ఎత్తుకుని అడుగంటా తాగేసింది. "ముళబాగిల్లో అమ్మ కాచిన సారు గుర్తుకొచ్చింది" అని కళ్ళు తుడుచుకుంది. మేము కన్నడంలో సారు అంటాం, ఆంధ్రలో చారు, ఇక్కడ రసం. పుట్టింటి మాట వచ్చినప్పుడే ఆమె నోట సారు వస్తుంది.

"ఎట్లా చేస్తారో అడగండి" అనింది.

అడిగాం. పిల్లాడు సంతోషంగా ఇంగ్లీషులో చెప్పాడు. అన్నింటికీ మూలం దాషి అండీ. కొంబు అనే సముద్రపు నాచు నీళ్ళలో వేసి వేడి చేసి, దాంట్లో కత్సుఒబుషి వేసి వడగడతాం. కత్సుఒబుషి అంటే చేప. ఉడికించి, పొగబెట్టి, కట్టెలాగా అయ్యేదాకా ఎండబెట్టి, చిత్రిక పట్టినట్టు పలచగా తీసిన పొరలు. మామూలుగా తోఫు పైన కూడా చల్లుతాం, "మీరు వెజ్ అన్నారు గదా, అందుకని పైన వెయ్యలేదు."

పైన వెయ్యలేదు. స్క్రీను మీద కనిపించే బటన్ తీసేసి, వెనక నడిచే కోడ్ అట్లాగే వదిలేసినట్టు. ఆ పిల్లాడిని ఏమీ అనలేం. వాళ్ళ వంటింట్లో చేప అంటే ముక్క, దాషి అంటే నీళ్ళు. మన ఇళ్ళల్లో ఇంగువలో ఏముందని ఎవరైనా అడుగుతారా?

పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు. మా మొహాలు చూస్తా ఉంది. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు తగిలిన పెనం కూడా ముట్టని మనిషి. ఇరుగు పొరుగు జైనులు ఆమె వంటింటిని మెచ్చుకుంటారు. గిన్నె ఖాళీ. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"సముద్రపు నాచు వేసి కాస్తారంట పెద్దమ్మా" అన్నాం.

"నాచా!" అని ఆశ్చర్యపోయింది. "నాచుకు ఇంత రుచా?"

ఇది రెండో సగం నిజం. నాచు నిజంగానే ఉంది. 1908లో ఇకెడా కికునాయె అనే టోక్యో ప్రొఫెసరు ఆ కొంబు చారు రుచి ఏమిటని వెతికి, దాంట్లో గ్లుటమేట్ ఉందని కనిపెట్టి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మన ఆరు రుచుల లెక్కలో అది ఏడోదవుతుందేమో. ఇవన్నీ మేము ఆ రాత్రి పెద్దమ్మకు కార్లో చెప్పుకుంటూ వచ్చాం. చేప తప్ప అన్నీ చెప్పాం.

సౌకార్‌పేట చేరేసరికి రాత్రి పది. మింట్ వీధిలో ఆ వేళకు కూడా జనం. "ఆయన ఉన్నప్పుడు ఇట్లే వచ్చి బాదం పాలు తాగేవాళ్ళం" అని కాకడా రాంప్రసాద్ దగ్గర కారాపమంది. చిక్కటి బాదం పాలు చేతిలో పట్టుకుని వీధిలో నిలబడి తాగింది, మూడేళ్ళ తర్వాత. మా పక్కన ఒకాయన పావ్ భాజీ అడిగితే అంగడి కుర్రాడు తలెత్తకుండానే "రెగ్యులరా, జైనా?" అన్నాడు. ఆ వీధిలో ఎవరూ మనం అడిగేదాకా ఆగరు. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ, ఏది తినరో ముందు వాళ్ళే అడిగి పెనం మీద గరిట పెడతారు. ఆలోచిస్తే మింట్ వీధి కూడా ఒక ఇజకాయానే, మందు లేదంతే. చిన్న చిన్న ప్లేట్లు, నిలబడి తినడం, పని ముగించి ఇంటికి పోయే ముందు ఒక గంట. ఆ రాత్రి మాకు మాత్రం బాదం పాలు గొంతు దిగలేదు.

ఆ రాత్రే అన్నయ్యకు ఫోన్ చేశాం. మేము చెప్పింది విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నాకు మొదటి ఏడాదే తెలిసింది. మిసో సూపులో అదే, నూడుల్స్ చారులో అదే, సాసుల్లో అదే. మొదట్లో రెండు నెలలు అన్నం, పెరుగు, ఊరగాయతో లాగించా. చలికాలం వచ్చింది. ఆఫీసు వాళ్ళంతా కూర్చుని తాగుతుంటే..." మళ్ళీ ఆగాడు. "ముక్క ఎప్పుడూ ముట్టలేదు. చారు మాత్రం... అమ్మకు చెప్పొద్దు."

అంటే మేము దాచింది ఒక గిన్నె చారు కాదు.

పెద్దమ్మ అక్కడితో వదిలిపెట్టే మనిషయితే ఈ కథే లేదు. వారం తిరక్కుండా ఫోన్. "ఆ నాచు తెప్పించండి, ఇంట్లో కాస్తా." ఆన్‌లైన్‌లో ఒక ప్యాకెట్టు తెప్పించి ఇచ్చాం. నల్లగా తోలు పట్టీల్లాగా ఉంది, పైన తెల్లటి పొడి. పెద్దమ్మ ముందు ఆకుపచ్చ చుక్క ఉందా అని ప్యాకెట్టు నాలుగు వైపులా చూసింది. ఉంది. "సముద్రంలో పుట్టింది గదా, తినొచ్చునా" అని ఒక నిమిషం ఆలోచించి, "ఉప్పు గూడా సముద్రంలోదే" అని తనకు తానే తీర్పు చెప్పుకుంది. చల్లనీళ్ళలో నానబెట్టి, సన్నసెగ మీద వేడి చేసి, మరిగే ముందు నాచు తీసేయాలని మేము చదివి చెప్పాం. అచ్చం అట్లాగే చేసింది. తాగింది. "ఇది కాదు" అనింది.

రెండోసారి నాచు ఎక్కువ వేసింది. కాదు. మూడోసారి ఎండు పుట్టగొడుగులు తెప్పించాం, జపాన్‌లో బౌద్ధ మఠాల శాకాహార వంటలో దాషి అట్లాగే చేస్తారు. రుచి బాగుందని ఒప్పుకుంది, కానీ "పొగ వాసన ఏదీ?" అని అడిగింది. మా టెస్టింగ్ పనిలో దీన్ని రీప్రొడ్యూస్ కాకపోవడం అంటారు. ఒకచోట కనబడింది ఇంకోచోట కనబడకపోతే, రెండు చోట్లా ఏదో ఒకటి తేడా ఉన్నట్టే లెక్క, ఆ తేడా దొరికేదాకా ఫైలు మూయకూడదు. పెద్దమ్మ ఎనిమిదో క్లాసు దాకా చదివింది. ఆమె ఫైలు మూయలేదు.

నాలుగోసారి ఆమె అన్నయ్యను అడిగింది. "మీ కాయలో చారుకు పొగ ఎట్లా పెడతార్రా?" వాడు లైను సరిగ్గా లేదని పెట్టేసి మాకు ఫోన్ చేశాడు. "నువ్వే చెప్పు" అన్నాం మేము. "మీరు మొదలుపెట్టారు, మీరే చెప్పండి" అన్నాడు వాడు. పదకొండేళ్ళు ఎవరిది, ఒక్క రాత్రి ఎవరిది అని కాసేపు కొట్టుకున్నాం. చివరికి ఆ ఆదివారం మేమే పోయినాం.

వంటింట్లో నిలబడి చెప్పాం. పెద్దమ్మ చింతపండు పిసుకుతా ఉంది. చెయ్యి ఆగింది. స్టవ్వు ఆపేసింది. మేము ఆ చారులో ఏముందో, ఆ పొగ వాసన ఎక్కడిదో, ఆ పిల్లాడు ఏం చెప్పాడో, మేము ఏం చెప్పామో అన్నీ వరసగా చెప్పాం. అన్నయ్య పేరు ఎత్తలేదు. మొత్తం విని ఆమె అడిగింది ఒక్కటే.

"వాడికి తెల్సునా?"

ఏమీ అనలేకపోయాం. అప్పటికే ఆమెకు జవాబు దొరికిపోయింది. చేతులు కడుక్కుని ముందు గదిలోకి పోయి పెదనాన్న కుర్చీలో కూర్చుంది. కింద గాజుల పెట్టెలు దింపుతున్న చప్పుడు. పావుగంట గడిచి ఉంటుంది. "ఫోను కలపండి" అనింది. వాడు ఎత్తగానే ఫోను తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలీదు, వాళ్ళు చెప్పలేదు, మేము అడగలేదు. తలుపు సందులోంచి ఒక్క మాట వినబడింది. "రెండు నెలలు ఉత్త పెరుగన్నమేనా? ఆ చలికా?"

మర్నాడు తలస్నానం చేసి, పొద్దంతా ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం దేవస్థానానికి పోయి దీపం పెట్టి వచ్చిందట. ఎదురింటి జైన్ ఆమెకు మాత్రం అంతా చెప్పింది. ఆమె చేతులు పట్టుకుని ఏదో ఓదార్చిందట, ఏ భాషలోనో. మాతో రెండు వారాలు ముక్తసరిగా మాట్లాడింది. ఆదివారం పోతే కాఫీ వచ్చేది, కబుర్లు వచ్చేవి కాదు. దానికి తగిన పనే చేశాం కాబట్టి తాగి వచ్చేవాళ్ళం. మూడో వారం మా ముందు ఒక డబ్బా పెట్టింది. చారుపొడి. కొంబు ప్యాకెట్టు కూడా పక్కనే ఉంది, సగం వాడింది, మూతికి రబ్బరు బ్యాండు వేసి.

ఏప్రిల్లో పెద్దమ్మ యోకొహామా పోతోంది, ఒక నెల. టికెట్టు అన్నయ్య పంపాడు. రెండు కిలోల చారుపొడి, ఇంగువ, చింతపండు సర్దుతోంది. వాడిని ఏమైనా అంటుందా, వాడి చేత మాన్పిస్తుందా అని మాకు లోపల ఉంది, ఆమె మాత్రం బయటపడటం లేదు. మొన్న అడిగితే, "ముందు వాడి వంటిల్లు చూడనీ" అనింది.

మాకు మిగిలింది ఇంకొకటి. నిన్న రాత్రి ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఆదివారం పదికల్లా వచ్చేస్తాం, పెట్టెలు మేమే సర్దుతాం" అన్నాం. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం.

"నాచేనా?" అనింది.